సెకన్ల ముల్లుగారి కంటి చుక్క

మా బావ గడియారాలు బాగుచేస్తాడు. ఇంత సాదాగా చెప్పానని తెలిస్తే ఆయనకు కోపం వస్తుంది. ఆయన లెక్కలో ఆయన ఏకంగా కాలాన్నే సరిదిద్దుతున్నాడు. మెట్ల కింద మంచమంత కొట్టు, అందులో గాజు బల్ల, బల్ల వెనక కుడి కంటికి భూతద్దం బిగించుకుని యాభై ఏళ్లుగా ఆయన. వీధిలో అందరూ ఎదురుగా 'మేస్త్రీగారూ' అంటారు, వెనక 'సెకన్ల ముల్లు' అంటారు. పదింటికి వస్తానన్న మనిషి పదీ రెండుకు వస్తే, ఆ రెండు నిమిషాలూ ఎక్కడ పారేసుకున్నావని నిలదీస్తాడు మరి.

నేను ఆయన బావమరిదిని. మా అక్క ఆయన భార్య. కోర్టులో టైపిస్టుగా ముప్పై మూడేళ్లు జనం చెప్పే అబద్ధాలను అక్షరం తప్పుపోకుండా టైపు చేసి రిటైరయ్యాను. వాళ్ల పక్క వాటాలోనే ఉంటాను. పొద్దున టీ అక్కడే, పేపరు అక్కడే, బావతో పోట్లాట అక్కడే. ఆ ఇంట్లో నా కన్ను గప్పి ఏదీ జరగదని నాకు గట్టి నమ్మకం ఉండేది.

కిందటేడు, డెబ్భై మూడో ఏట, బావకు కంట్లో ఒత్తిడి పెరిగిందని తేలింది. నీటికాసులంటారు దాన్ని. నొప్పి ఉండదు, దురద ఉండదు. చూపును అంచుల నుంచి కొరుక్కుంటూ లోపలికి వస్తుంది. తెలిసేసరికి ఎడమ కన్ను ముప్పాతిక పోయింది. ఇక మిగిలింది కుడి కన్ను, అంటే భూతద్దం కన్ను. డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది.

"తాతగారూ, పోయిన చూపు ఇంక రాదు. ఉన్నదాన్ని నిలబెట్టుకోవాలి. పొద్దున ఎనిమిదికి ఒక చుక్క, రాత్రి ఎనిమిదికి ఒక చుక్క, రెండు కళ్లలోనూ. ఒక్క పూట కూడా మానకూడదు."

"ఎనిమిదికా, ఎనిమిదీ అయిదుకా?" అని అడిగాడు బావ. చూపు పోతోందని విన్న మనిషి అడగాల్సిన ప్రశ్నే!

మర్నాటి నుంచి ఇంట్లో రోజుకు రెండు ఆటలు మొదలయ్యాయి. కోడలు ఫోన్‌లో అలారం పెట్టింది, గోడకు పట్టిక అంటించింది. కొడుకు బ్యాంకుకు వెళ్లే తొందరలో కూడా ఆగి చూసేవాడు. బావ కిటికీ పక్క కుర్చీలో నిటారుగా కూర్చుని, సీసాను జానెడు ఎత్తున పట్టుకుని, నోరు తెరిచేవాడు. కంట్లో చుక్క వేసుకునేవాడు నోరెందుకు తెరుస్తాడో నాకిప్పటికీ అర్థం కాదు. తీరా చుక్క రాలే సమయానికి తెరిచిన నోరు తెరిచినట్టే ఉండేది, తెరిచిన కన్ను మూసుకుపోయేది. మొదటి నెల మందంతా ఆయన కనుబొమలకు, మీసానికి, చొక్కా కాలరుకు పట్టింది. వాటిలో ఒత్తిడి ఏమైనా ఉండి ఉంటే పూర్తిగా నయమైపోయి ఉంటుంది.

సూది మొన మీద నూనె నిలబెట్టి, ఆవగింజ కూడా దూరని రంధ్రంలో పెట్టగల చెయ్యి అది. అదే చేతికి తన మొహం మీద తన కన్ను దొరకలేదు.

"పడిందా?" అనేవాడు తడి చెంపతో.

"పడింది మామయ్యా, చెవిలో," అనేది కోడలు.

ఇలా కొన్నాళ్లు నవ్వులపాలయ్యాక ఆయన తలుపు వేసుకుని ఒంటరిగా వేసుకోవడం మొదలుపెట్టాడు. అయిదు నిమిషాలకు దర్జాగా బయటికి వచ్చి పట్టికలో టిక్కు కొట్టేవాడు. చెంప మీద తడి లేదు, కాలరు మీద మరక లేదు. పనితనం ఎక్కడికి పోతుందని నేను తప్ప అందరూ మెచ్చుకున్నారు.

రహస్యం నాలుగు నెలల తర్వాత ఆస్పత్రిలో బయటపడింది. ఆ రోజు బావతో నేనూ కోడలూ లోపలికి వెళ్లాం. అక్క ఎప్పట్లాగే సంచీ, నీళ్ల సీసా, ఆయన చెప్పులు చూసుకుంటూ బయట బెంచీ మీద కూర్చుంది. డాక్టరమ్మ పరీక్ష చేసి మొహం చిట్లించింది. ఒత్తిడి తగ్గకపోగా పెరిగింది.

"మందు వాడుతున్నారా తాతగారూ?"

"ఒక్క పూట మానలేదు. పట్టిక చూపించమంటారా?"

"ఇది ఎన్నో సీసా?"

బావ ఛాతీ పొంగింది. "రెండోది. మొదటిది నెల తిరక్కుండా అయిపోయింది, అప్పుడు పని చేతకాక. ఇది మూడు నెలల నుంచి నడుస్తోంది. ఇంకా సగం ఉంది."

సీసా మూత తీశాక నెల దాటితే పారెయ్యాలని సీసా మీదే రాసి ఉంటుంది. గడియారం లోపలి రాతలన్నీ చదివే మనిషికి ఆ రాత కనబడలేదు. అంతకంటే పెద్ద సంగతి తర్వాత చెప్పాడు. గడియారానికి నూనె ఎక్కువైతే దుమ్ము పట్టి చస్తుందట. చుక్కలో నాలుగోవంతు చాలట. కన్ను అంతకంటే సున్నితమైన యంత్రం కదా అని, సీసా మూతి దగ్గర చుక్క తల బయటపెట్టగానే దాన్ని కంటిరెప్ప వెంట్రుకలకు అద్దుకుని, వెంటనే రుమాలుతో శుభ్రంగా తుడిచేసుకుంటున్నాడట!

"తాతగారూ, అది గడియారం కాదు, కన్ను," అంది డాక్టరమ్మ ఓపిగ్గా. "నిండు చుక్క పడాలి. సీసా రెప్పకు తగలకూడదు, తుడవకూడదు. రెండు నెలలు చూస్తాను. తగ్గకపోతే కుడి కంటికి ఆపరేషనే. చేసినా, ఈలోగా పోయింది పోయినట్టే. ఇంట్లో వేసేవాళ్లు ఎవరూ లేరా?"

ఎందుకు లేం? అందరం ఉన్నాం. ఆ రోజు నుంచి ఆయన కన్ను ఇంటిల్లిపాది ఉద్యోగమైపోయింది. కోడలు దగ్గరికి వస్తే చాలు, రెప్పలు కొట్టు షట్టరులా దిగిపోయేవి. కొడుకు వేళ్లతో రెప్పలు విడదీయబోతే ఒంటికాలి మీద లేచి, కన్నతండ్రి కన్ను పొడుస్తావా అన్నాడు. నేను ఒకసారి వెనక నుంచి తల పట్టుకున్నాను. నా మోచేతి మీద ఆయన పంటిగాట్లు వారం రోజులున్నాయి. ఉన్న పళ్లు ఆరే, అన్నీ పనిచేస్తున్నాయని ఆ రకంగా తెలిసింది.

"నేను వెయ్యనా?" అని అడిగింది అక్క.

అక్క చేతులు అయిదారేళ్లుగా వణుకుతాయి. టీ గ్లాసు పట్టుకుంటే సాసరు చప్పుడు చేస్తుంది.

"నీ చేతులు నువ్వు చూసుకున్నావా? నా ఒక్క కన్ను మిగిలింది. దానిమీద తబలా వాయిస్తావా?" అన్నాడు బావ.

అందరం నవ్వాం. నేను కాస్త ఎక్కువే నవ్వాను. అక్క కూడా నవ్వి టీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

మనుషులు పనికిరారని తేల్చుకున్నాక బావ యంత్రానికి దిగాడు. పాత కళ్లజోడు ఫ్రేము, అలారం గడియారం స్ప్రింగు, ఇత్తడి రేకు, నాలుగు మరలు. కళ్లజోడు పెట్టుకుంటే సీసా తలకిందులుగా కంటికి ఎదురుగా నిలబడుతుంది, పక్కన మీట నొక్కితే స్ప్రింగు సీసాను పిండుతుంది. ఆ పది రోజులూ కొట్టుకు వచ్చిన గడియారాలన్నీ ఆగిపోయి పడున్నాయి. అవి అప్పటికే ఆగిపోయి వచ్చినవే అనుకోండి.

పదకొండో రోజు పొద్దున సరిగ్గా ఎనిమిదికి అందరినీ హాల్లోకి పిలిచాడు. కళ్లజోడు తగిలించుకుని తల వెనక్కి వాల్చాడు. ఈసారి నోరు కూడా మూసుకున్నాడు. మీట నొక్కాడు. స్ప్రింగు బలానికి సీసా పిండుకోలేదు, ఫ్రేములోంచి జారి మూతితో సహా నేరుగా కుడి కంట్లో దిగింది.

ఆయన అరిచిన అరుపుకు నా నవ్వు ఆగిపోయింది. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాం. అదృష్టం బాగుండి గీత పైపైనే పడింది, గుడ్డు లోపలికి పోలేదు. దానికి ఇంకో చుక్కల మందు రాశారు. ఒక మందుకూ ఇంకో మందుకూ మధ్య అయిదు నిమిషాలు ఆగాలట. ఒక సీసాతోనే తల ప్రాణం తోకకొస్తుంటే ఇప్పుడు రెండు సీసాలు!

రెండు రోజులు కొట్టు తెరవలేదు. మూడో రోజు మధ్యాహ్నం వెళ్లేసరికి మంచం మీద కూర్చుని, పెద్ద డయలు గోడ గడియారమొకటి ఒళ్లో పెట్టుకుని చూస్తున్నాడు. కుడి కన్ను ఇంకా ఎర్రగా ఉంది.

"గంటల ముల్లు తెలుస్తోందిరా," అన్నాడు. "నిమిషాలదీ తెలుస్తోంది. సెకన్లది ఎంత చూసినా దొరకట్లేదు."

"కన్ను వాచింది కదా బావా, తగ్గాక దొరుకుతుంది."

"దొరక్కపోతే?"

ఆయన భయపడుతున్నాడు. యాభై ఏళ్లలో ఆయన భయపడటం నేను చూడటం అదే మొదలు. నాకూ భయం వేసింది. ఆ గాజు బల్ల వెనక ఆయన లేకపోతే ఆయన ఇంకెక్కడా ఉండడు.

మర్నాడు నాకు ఏడుకే మెలకువ వచ్చింది. టీ కోసం తిన్నగా వాళ్ల వంటింట్లోకి వెళ్లాను. అక్క గోడకు ఆనించిన చిన్న స్టూలు మీద కూర్చుని ఉంది. తల వెనక్కి వాల్చి గోడకు ఆనించింది. చేతిలో చుక్కల సీసా, ఆ సీసాకు నాలుగు చుట్లు గుడ్డ. బావ సీసాను దాచడానికి తీసిందేమో అనుకుంటూ ఉండగానే, అక్క కన్ను మూసుకుంది. వణికే చేతి మణికట్టును నుదుటి మీద ఆనించింది. ఆనించగానే ఆ వణుకు ఎవరో పట్టుకుని ఆపినట్టు ఆగింది. మూసిన కంటికి ముక్కు పక్క మూలలో ఒక చుక్క వేసుకుంది. తల కదల్చకుండా కన్ను తెరిచింది. చుక్క లోపలికి జారింది. మళ్లీ మూసి, వేలితో ఆ మూల నొక్కిపట్టి, పెదాలు కదిలిస్తూ లెక్కపెట్టుకుంది. తర్వాత రెండో కన్ను. మొత్తం అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. అలారం లేదు, పట్టిక లేదు, చూసేవాళ్లూ లేరు.

"ఏంటక్కా ఇది?"

ఉలిక్కిపడింది. "నువ్వా! ఏముందిరా, చుక్కలు వేసుకుంటున్నా."

"బావవి నువ్వెందుకు వేసుకోవడం?"

"ఆయనవి కావు, నావే. అదే మందులే. మీ బావకు తేలింది చూడు, ఆ తర్వాతి వారం ఆయన్ని చీకటి గదిలో పెట్టి పరీక్షలు చేస్తుంటే నేను బయట కూర్చున్నా. అరవై దాటినవాళ్లకి ఊరికే చూస్తున్నారని నర్సు పిలిచింది. నాక్కూడా అదే ఉందన్నారు. ఆ నర్సే నేర్పింది. చేతులు వణుకుతాయమ్మా అంటే నుదుటికి ఆనించుకోమంది. రెప్ప కొట్టుకుంటుందంటే మూసుకునే వేసుకోమంది. సీసా సన్నగా ఉండి చేతికి ఆనకపోతే నేనే గుడ్డ చుట్టుకున్నా. పడిందో లేదో తెలీట్లేదంటే ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చులే, చల్లగా తగుల్తుందంది."

అయిదు నెలలు! అయిదు నెలలుగా ఆ సీసా ఫ్రిజ్ తలుపులో ఉంది. అది బావ సీసాయేనని కోడలు అనుకుంది, కోడలు పెట్టిందని కొడుకు అనుకున్నాడు. నేనైతే ఏమీ అనుకోలేదు. రోజూ అదే ఫ్రిజ్‌లోంచి నీళ్లు తీసుకుని తాగుతూ, బావ కనుబొమల మీద జోకులు వేస్తూ కూర్చున్నాను. నామీద నాకే అసహ్యం వేసింది. ఆ అసహ్యం కోపమై అక్క మీదికే మళ్లింది, మనకు అలవాటైన దారి అదే కాబట్టి.

"ఎందుకు చెప్పలేదు? ఇంతమందిమి ఉన్నాం!"

"మీ బావ కంటికి ఇంటిల్లిపాదీ ఉన్నారు," అంది అక్క సీసా మూత బిగిస్తూ. "నా కంటికి నేనున్నా కదా, చాల్లే అనుకున్నా."

వెనక చప్పుడైంది. బావ గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడని మొహమే చెబుతోంది. ఏదో ఒకటి అనాలి కాబట్టి, ఆయనకు తెలిసిన భాష ఒకటే కాబట్టి, "ఆ వణుకుడు చేతులతోనేనా?" అన్నాడు. గొంతులో వెటకారం లేదు.

"చేతులు వణికితేనేం, నుదురు వణకదు కదా. రండి, పడుకోండి," అంది అక్క.

తలగడ తీసేసి ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టింది. కళ్లు మూసుకోమంది. మూసుకుంటే ఎలా పడుతుందని ఆయన వాదం మొదలుపెట్టాడు. కళ్లతోపాటు నోరూ మూసుకోమంది. మూసుకున్నాడు! డెబ్భై మూడేళ్ల మనిషి, నన్ను కరిచిన మనిషి, పిల్లాడిలా పడుకున్నాడు. అక్క చెయ్యి ఆయన నుదుటి మీద ఆనింది. మూలలో చుక్క పడింది.

"ఇప్పుడు మెల్లగా తెరవండి. చల్లగా తగిలిందా?"

"తగిలింది."

"అయితే పడినట్టే. ఇక మూసుకోండి. గట్టిగా బిగించొద్దు. ఈ మూల వేలితో నొక్కి రెండు నిమిషాలు ఉండండి."

సరిగ్గా నూట ఇరవై సెకన్లు ఉన్నాడని వేరే చెప్పక్కర్లేదు.

వారం పాటు అక్క వేసింది, తర్వాత ఆయనే నేర్చుకున్నాడు. కన్ను ఎరుపు తగ్గాక సెకన్ల ముల్లు కూడా దొరికింది. పది రోజులు తిరక్కముందే కొట్టుకు వచ్చే ముసలివాళ్లందరికీ, నుదుటికి మణికట్టు ఆనించి మరీ, ఈ పద్ధతి తనే కనిపెట్టినట్టు పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. ఒకసారి నేను పక్కనే ఉండి దగ్గాను. "మా ఆవిడ నేర్పింది," అన్నాడు గొణుగుతూ. ఆయన నోట ఆ మాట రావడం అంతకుముందు నేనెప్పుడూ వినలేదు.

రెండు నెలల గడువు రోజున ఆస్పత్రికి ముగ్గురం వెళ్లాం. ఈసారి సంచీ నా చేతికిచ్చి, అక్కను కూడా మాతో లోపలికి రమ్మన్నాడు బావ. డాక్టరమ్మ కుడి కన్ను రెండుసార్లు కొలిచింది. ఒత్తిడి దిగింది. ఆపరేషన్ ఇప్పట్లో అక్కర్లేదంది. బావ నా వైపు చూసి మీసం దువ్వుకున్నాడు. ఆ క్షణంలో ఆయన గర్వాన్ని నేను మనస్ఫూర్తిగా క్షమించాను.

"ఈవిడ కార్డు కూడా చూడండమ్మా," అన్నాడు.

డాక్టరమ్మ కార్డు తెప్పించింది. ఒక్కటే కాగితం ఉంది అందులో.

"పెద్దమ్మా, ఆరు నెలల నుంచి మీరు పరీక్షకే రాలేదు! నాలుగు నెలలకే రమ్మన్నాం కదా?"

"వచ్చానమ్మా," అంది అక్క. "అప్పుడూ, ఈయన కంటికి దెబ్బ తగిలిన రోజూ, రెండుసార్లూ వచ్చి బయటే కూర్చున్నా. ఈయనది అయ్యేసరికి పొద్దుపోయేది. చుక్కలు వేసుకుంటూనే ఉన్నాను కదా, వచ్చేసారి చూపించుకుందాంలే అని..."

ఆ రెండుసార్లూ నేను లోపల ఉన్నాను. ఈయన కంటి కోసం మేమందరం దూరిన గదిలో ఆమెకు చోటు లేకపోయింది.

పరీక్ష గంటసేపు పట్టింది. చుక్కలు సరిగ్గానే పడ్డాయి. ఒక్క పూట కూడా తప్పలేదని డాక్టరమ్మకు అనుమానమే లేదు. ఆ మందే అక్క ఎడమ కంటికి సరిపోలేదు. పరీక్షకు వచ్చి ఉంటే రెండు నెలల కిందటే మార్చేదాన్నంది. ఎడమ పక్క చూపు కొంత పోయింది. కొత్త మందు రాసింది. పోయింది మాత్రం ఇంక రాదని, బావకు గీసిచ్చిన బొమ్మే మళ్లీ గీసి ఇచ్చింది.

తిరుగు బస్సులో ముగ్గురు పట్టే సీట్లో, కిటికీ పక్క చోటు వదిలి అక్క మధ్యలో కూర్చుంది, ఆమె కుడి పక్కన బావ, వెనక సీట్లో నేను. బావ ఉన్నట్టుండి అక్క తల వెనక నుంచి చెయ్యి చాచి, ఆమె ఎడమ చెవి పక్కన వేళ్లు ఆడించాడు.

"కనబడుతోందా?"

అక్క తల తిప్పి చూసింది. "కనబడుతోంది లెండి."

"తల తిప్పకుండా చెప్పు."

అక్క ముందుకు చూస్తూ కూర్చుంది. ఆయన వేళ్లు ఇంకా ఆడిస్తూనే ఉన్నాడు.

"ఆడిస్తున్నారా?" అని అడిగింది.

బావ చెయ్యి దించాడు. కాసేపటికి సీటు కమ్మీ పట్టుకుని లేచి, ఊగుతున్న బస్సులో ఆమె మోకాళ్లు దాటుకుని, అవతలకు వెళ్లి ఆమె ఎడమ పక్కన కూర్చున్నాడు.